గట్టు చేరిన పిల్ల

నా ఉద్యోగం ముగిసిన రోజున బడి హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. బంతిపూల దండ వేసి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. హెడ్మిస్ట్రెస్ గారు మాట్లాడుతూ, ముప్పై ఏళ్లలో నేను కొన్ని వందల మంది ఆడపిల్లలకు ఈత నేర్పానని, దానివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఆ దేవుడికే తెలియాలని అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని దండలోని పూరెక్కలు గిల్లుతూ కూర్చున్నాను. హాల్లో ఉన్న టీచర్లలో సగం మంది పాతవాళ్లే. వాళ్లకు అంతా తెలుసు. ఒక్కరైనా ఆ పిల్ల మాట ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. లడ్డు, కారాబూంది పంచారు. ప్రార్థన అయింది. అందరూ వెళ్లిపోయారు.

మా నాయన పడవల కాలువ మీద లాకు తలుపులు తెరిచే పనిలో ఉండేవాడు. మద్రాసుకు ఉప్పు, సరుగుడు కట్టెలు మోసే పడవలు మా ఇంటి ముందునుంచే పోయేవి. నడక వచ్చిన పిల్ల నీళ్లలో పడకుండా చూసుకోవడం మా అమ్మ వల్ల కాలేదు. అందుకని నాలుగేళ్లకే మా నాయన నా నడుముకు నీళ్ల మీద తేలే బెండ్లు కట్టి కాలువలో దింపాడు. ఆరేళ్లకు బెండ్లు లేకుండా ఈదేదాన్ని. పెళ్లయిన రెండో ఏడాది నా భర్త టైఫాయిడుతో పోయాడు. ఆయన ఆస్పత్రిలో కాంపౌండరు. పిల్లలు లేరు. చర్చి పెద్దలు నన్ను ట్రైనింగుకి పంపి, ముత్తుకూరు దాటాక కాలువ ఒడ్డున ఉన్న ఆడపిల్లల మిషన్ బడిలో డ్రిల్లు టీచరుగా వేయించారు. బడి ఆవరణలోనే, బోర్డింగు పక్కన, నాకొక గది ఇచ్చారు.

బడి కాలువకు తూర్పున ఉంది. పిల్లల ఊళ్లన్నీ పడమట. సెలవలకు ఇంటికి పోవాలన్నా, తిరిగి రావాలన్నా పడవ ఎక్కాలి. చేపలు పట్టే పట్టపువాళ్ల పిల్లలకు ఈత ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ మా బోర్డింగులో ఉన్నవాళ్లు ఎక్కువమంది లోపలి పల్లెల నుంచి, వరి పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. మోకాలి లోతు దాటి నీళ్లు చూడనివాళ్లు. వాళ్లు పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని కాలువ దాటడం నా మొదటి ఏడాదిలోనే చూశాను. అప్పట్లో బడి నడిపే దొరసానమ్మ దగ్గరికి పోయి, డ్రిల్లుతో పాటు వీళ్లకు ఈత నేర్పనిమ్మని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఊళ్లవాళ్లు ఒప్పుకోవడానికే కొన్నేళ్లు పట్టింది.

బడి వెనక కాలువ ఒక వంపు తిరుగుతుంది. అక్కడ తాటాకు దడి కట్టించాను. ముతక గుడ్డతో మోకాళ్ల కిందిదాకా లాగులు, పొడుగు చొక్కాలు కుట్టించాను. వంపు దగ్గరకొచ్చే ముందు పడవవాళ్లు "ఓయ్, పడవొస్తా ఉండాది!" అని కేక వేసేవాళ్లు. పిల్లలు గబగబా మెడలోతుకు మునిగేవాళ్లు. పడవ మీది మనుషులు అటు ఒడ్డుకేసి మొహం తిప్పుకుని పోయేవాళ్లు. అలా తిప్పుకోమని నేనెవరినీ అడగలేదు.

మొదటిరోజు ఎవరినీ నీళ్లలోకి రానిచ్చేదాన్ని కాదు. గట్టున కూర్చోబెట్టి మొహం మీద చెంబుతో నీళ్లు పోసేదాన్ని. నీళ్లు ముక్కులోకి పోయినా చచ్చిపోమని ముందు తెలియాలి. తర్వాత రొమ్ములోతు నీళ్లలో తల ముంచి ఊపిరి పట్టడం. మిగిలినవాళ్లు గట్టిగా ఒకటీ రెండూ లెక్కపెట్టేవాళ్లు. తర్వాత నడుముకు నాలుగు బెండ్లు. వారానికొకటి చొప్పున తీసేసేదాన్ని. ఏడాది చివర, కాలువ అడ్డంగా ఈది వచ్చిన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఒక మాట చెప్పేదాన్ని: "ఈత వచ్చినోళ్లు రానోళ్లని చూసుకోవాల." ఇరవై ఏళ్లపాటు ప్రతి ఏడూ ఆ మాట చెప్పాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఒక పిల్ల ఆరో క్లాసులో చేరింది. సన్నగా, చామనచాయగా ఉండేది. నీళ్లంటే ఆ పిల్లకున్నంత భయం నేను మరెవరిలోనూ చూడలేదు. చెంబెడు నీళ్లు మొహాన పోస్తేనే ఒళ్లంతా వణికేది. మిగిలినవాళ్లంతా నీళ్లలో దిగాక కూడా తను గట్టు మీదే, నా చీర కొంగు పట్టుకుని నిలబడేది. రెండు నెలలు చూసి, ఇంటి నుంచి ఉత్తరం రాయించుకొచ్చింది. మా పిల్లకు ఈత వద్దు అని.

ఆ ఉత్తరం అంగీకరించి ఊరుకుని ఉండొచ్చు. నేను ఊరుకోలేదు. ఒక శనివారం బస్సెక్కి, దిగి మూడు మైళ్లు నడిచి వాళ్ల ఊరు పోయాను. వాళ్లమ్మ కళ్లంలో వడ్లు తూర్పారబడుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది.

"మా ఊరి చెరువే మోకాటి లోతు టీచరమ్మా. దీనికి ఈతెందుకు? రేపు దీన్ని చేసుకునేవాడు ఈత వచ్చునా అని అడగతాడా?"

"బడి కాలువ పక్కన ఉండాది గదమ్మా. ఇంటికి రావాలంటే పడవెక్కాల. ఆ పడవ బోల్తా కొడితే?"

"కొడితే నువ్వుండావు గదా."

"ప్రతిసారీ నేనుండను గదమ్మా."

ఆమె నన్ను కాసేపు చూసింది. తర్వాత కూతురి గురించి చెప్పింది. చిన్నప్పుడు పంటకాలువలో పడి, కొట్టుకుపోతుంటే ఎవరో జుట్టు పట్టుకుని లాగారట. అప్పటి నుంచి ఆ భయం.

"అట్టయితే తప్పకుండా నేర్చుకోవాల," అన్నాను నేను.

"సరే. నీ బిడ్డే అనుకోని నేర్పు."

నేర్పాను. ఏడాదిన్నర పట్టింది. మూడు బెండ్లు వదిలింది గాని, నాలుగోది వదలనంది. అది నడుముకు ఉంటే కాలువ సగం దాకా ఈదేది. తీస్తే రాయిలా మునిగేది. ఒకరోజు తను ఈదుతుండగా పక్కనే ఈదుతూ పోయి, చప్పుడు కాకుండా ముడి విప్పేశాను. తనకు తెలియలేదు. అవతలి గట్టు పట్టుకుని వెనక్కి తిరిగాక, చెయ్యెత్తి చూపించాను.

"ఇదిగో నీ బెండు. నా చేతిలో ఉండాది."

నడుము తడుముకుని చూసుకుంది. నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఆ తర్వాత దాన్ని నీళ్ల నుంచి బయటికి పిలవడమే కష్టమైంది. ఎనిమిదో క్లాసుకు వచ్చేసరికి నాకంటే వేగంగా ఈదేది. నాకు పిల్లలు లేని లోటు తీరినట్టు ఉండేది. ఇది రాయడానికి సిగ్గుపడటం లేదు.

ఆ ఏడు దీపావళి సెలవల ముందు తుపాను వచ్చింది. రెండు రోజులు ఎడతెగని వాన. మూడోరోజు తెరిపిచ్చింది. కాలువ గట్టుదాకా నిండి, ఎర్రగా, ఉద్ధృతంగా పోతోంది. పిల్లలు ట్రంకు పెట్టెలు సర్దుకుని వరండాలో కూర్చున్నారు. అవతలి ఒడ్డున ఎద్దుబళ్లు వచ్చి నిలబడి ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి, "ఈ నీళ్లలో పంపొచ్చంటారా?" అని అడిగారు.

నేను కాలువకేసి చూశాను. పడవవాడు పాతికేళ్లుగా దాటిస్తున్నవాడు. "పంపొచ్చమ్మా. ప్రతి పడవలోనూ ఈతొచ్చిన పిల్లలు ఉండేటట్టు చూస్తాను," అన్నాను.

అలాగే చూశాను. మొదటి రెండు పడవలు క్షేమంగా దాటాయి. మూడో పడవలో తొమ్మిది మందిని ఎక్కించాను. నలుగురికి ఈత వచ్చు. ఐదుగురికి రాదు. ఆ నలుగురిలో నా పిల్ల ఒకతి. పడవ నడుమకు పోయేదాకా రేవులోనే నిలబడ్డాను. అప్పుడు బోర్డింగులో ఎవరో పిలిస్తే, ఏదో తాళం చెవి కోసం, లోపలికి పోయాను. కేకలు వినబడి పరిగెత్తుకొచ్చేసరికి పడవ తలకిందులై, పొట్ట పైకి కనబడుతూ దిగువకు పోతోంది. వరదలో కొట్టుకొచ్చిన తాటి మొద్దు తగిలిందని తర్వాత చెప్పారు.

జరిగింది నేను చూడలేదు. బతికి బయటపడిన చిన్నపిల్ల చెప్పింది. దానికి పదేళ్లు, ఆరో క్లాసు. పడవ తిరగబడగానే ముగ్గురు చిన్నపిల్లలు పడవనే పట్టుకుని వేలాడారు. పడవవాడు వాళ్లను అంటిపెట్టుకుని ఉన్నాడు. ఈతొచ్చిన నలుగురూ ఈదుకుంటూ బడి వైపు గట్టుకు చేరారు. ఇద్దరు మాత్రం పడవ అందక కొట్టుకుపోయారు. వాళ్లలో ఒకతి ఈ పిల్ల.

"అక్క గట్టు చేరింది టీచర్. కూచుంది గూడా. జడ పిండుకుంటా ఉండింది. నేను అరస్తా ఉంటే మళ్లీ దిగింది."

నా పిల్ల దిగి, దీన్ని పట్టుకుని గట్టు మీదికి నెట్టింది. మళ్లీ రెండోదాని కోసం పోయింది. వద్దని మిగిలిన ముగ్గురూ అరిచారట. "టీచర్ చెప్పింది గదా" అని పోయిందట.

నేను దిగాను. నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఆ మట్టినీళ్లలో కళ్లు తెరిచినా ఏమీ కనబడదు. చేతులతో వెతకాలి. కాలువ ఎక్కడ లోతో, ఎక్కడ సుడి తిరుగుతుందో నాకు తెలుసు గనక అక్కడే వెతికాను. ఆరోసారో ఏడోసారో మునిగినప్పుడు నా చేతికి జడ తగిలింది. ఇద్దరూ కలిసే ఉన్నారు. చిన్నదాని చేతులు పెద్దదాని మెడ చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. గట్టు మీద ఆ చేతులు విప్పడం నా వల్ల కాలేదు. పడవవాడు విప్పాడు.

మునిగేవాళ్ల దగ్గరికి ముందునుంచి పోకూడదు. వెనకనుంచి పోయి జుట్టు పట్టాలి. అది నాకు తెలుసు. పదో క్లాసు పిల్లలకు నేర్పేదాన్ని, ఎనిమిదిలో నేర్పేదాన్ని కాదు. చిన్నపిల్లలకు అది అవసరం పడదని నా లెక్క.

సాయంత్రానికి నా పిల్ల అమ్మా నాన్నా వచ్చారు. వాళ్ల నాన్న బళ్ల దగ్గర ఎదురుచూస్తూ అవతలి గట్టు నుంచి అంతా చూశాడు. అమ్మకు ఊళ్లో కబురందింది. ఆమె ఏడవలేదు. కూతురి మొహం మీద అంటిన బురదను కొంగుతో తుడిచి, నాకేసి చూసింది.

"దీనికి ఈత రాకుంటే పడవ పట్టుకోని ఉండేది గదా టీచరమ్మా."

అడిగినట్టే అడిగింది. కోపం లేదు. పడవ పట్టుకుని బతికిన, ఈతరాని ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని మా వెనకే వరండాలో కూర్చుని ఉన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆలోచించాను. ఆ పిల్లకు ఈత రాకపోతే కొట్టుకుపోయిన ఇద్దరూ పోయేవాళ్లు. ఈత వచ్చినా ఇద్దరే పోయారు. ఎవరు పోవాలన్నది మాత్రం నేను మార్చాను. చచ్చిపోయిన రెండోపిల్ల తల్లిదండ్రులు నాతో ఒక్క మాట అనలేదు. వాళ్లు నాకు దణ్ణం పెట్టి పోయారు. అది ఇంకా కష్టం. బతికిన చిన్నపిల్లను సంక్రాంతి సెలవల తర్వాత వాళ్లవాళ్లు మళ్లీ పంపలేదు.

ఇక ఈత నేర్పనని హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పాను. "మీరు ఆపేస్తే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది," అన్నారు ఆమె. బడికి మాట రాకూడదని ఆమె బాధ. నాకు ఇంకో ఉద్యోగం లేదు, ఇంకో ఇల్లు లేదు. ఏడాది గడిచాక మళ్లీ దడి కట్టించాను.

కానీ పాత మాట చెప్పలేదు. ఏడాది చివర పిల్లలను వరసగా నిలబెట్టి, "గట్టు చేరినాక మళ్లీ దిగొద్దు. ఎవరు అరిచినా దిగొద్దు. కేకలు వేసి పెద్దోళ్లని పిలవండి," అని చెప్పేదాన్ని. పిల్లలు తల ఊపేవాళ్లు. ఒక ఏడు ఒక పిల్ల చెయ్యెత్తింది.

"మా చెల్లెలయినా దిగకూడదా టీచర్?"

దాని చెల్లెలు అదే బడిలో, ఆ వరసకు కొంచెం దూరంలో, తన వంతు కోసం ఈత బట్టలు పట్టుకుని నిలబడి ఉంది. నా మాట ఆ పిల్లకూ వినబడుతుంది.

"దిగకూడదు," అన్నాను.

చెల్లెలు నాకేసి చూసింది. ఆ రోజు నుంచి అది నాకు ఎదురుపడినప్పుడల్లా పక్కకు తప్పుకుని పోయేది. నేను చెప్పింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. ఆరేళ్లపాటు అదే నేర్పాను. తెల్లారి లేచి నీళ్లలో దిగి, కాళ్లాడించమని, ఊపిరి పట్టమని అరిచేదాన్ని. అన్నేళ్ల ఉప్పునీటికి చెవుల్లో చీము పట్టింది. కుడి చెవి పూర్తిగా పోయింది. నేను నీళ్లలో ఉండి ఎప్పుడూ గట్టు మీదివాళ్లనే లెక్కపెట్టుకునేదాన్ని. ఒక్క పిల్ల బాగా ఈదినా సంతోషం కలిగేది కాదు. ఇది కూడా బాగా నేర్చుకుంటోందే అని భయం వేసేది.

యాభై ఐదేళ్లు నిండాయి. సభ అయింది. గది ఖాళీ చేసి ముత్తుకూరులో చర్చి వెనక ఒక ఇంట్లో అద్దెకు చేరాను. నా స్థానంలో వచ్చిన అమ్మాయి నెల్లూరు టౌనులో చదువుకున్నది. త్రోబాలు బాగా ఆడిస్తుంది. ఈత రాదు.

ముత్తుకూరు చేరిన రెండో నెలలో నా పిల్ల ఊరికి పోయాను. ఎందుకు పోయానో నాకు తెలుసు. ఆనాడు హెడ్మిస్ట్రెస్ గారు నన్ను అడిగిన సంగతి, నేను పంపొచ్చన్న సంగతి వాళ్లమ్మకు చెప్పాలి. ఏడేళ్లుగా ఆ మాట నా గొంతులో ఉంది. ఉద్యోగంలో ఉండగా చెప్పే ధైర్యం చాల్లేదు.

నాట్లు పడుతున్న రోజులు. ఆమె మడిలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గట్టు మీద నా పక్కన కూర్చుంది. భర్త పోయాడట. మనిషి సగమైంది.

"ఎట్టుండావు టీచరమ్మా?"

"ఉద్యోగం అయిపోయిందమ్మా. దిగిపోయినాను."

"మరి పిల్లోళ్లకి ఈత ఎవురు నేర్పతారు?"

"ఎవురూ నేర్పరు. కొత్తగా వచ్చినామెకి ఈత రాదు."

"మంచిదే," అంది.

మడిలో ఆడవాళ్లు నారుకట్టలు విప్పుతున్నారు. నేను చెప్పాను.

"అమ్మా, ఆ పొద్దు పడవలో పంపొచ్చునని చెప్పింది నేనే. హెడ్మిస్ట్రెస్ గారు అడిగితే నేనే చెప్పినాను."

"తెలుసు లే," అంది ఆమె. "ఆయమ్మ అప్పుడే చెప్పింది. మీ డ్రిల్లు టీచరమ్మే పంపమన్నాదని."

హెడ్మిస్ట్రెస్ గారూ నేనూ ఏడేళ్లు ఒకే ఆవరణలో ఉన్నాం. ఒకే వరసలో కూర్చుని ప్రార్థన చేశాం. ఆమె నాతో ఎప్పుడూ ఆ ఊసు ఎత్తకపోతే అది నా మీది దయ అనుకున్నాను.

"మరి నన్నేమీ అనలేదే అమ్మా?"

"అంటే ఏమొస్తాది?" అని లేచింది. "నారు వాడిపోతాది టీచరమ్మా. పోవాల. మజ్జిగ ఇంట్లో ఉండాది, తాగి పో."

నేను వాళ్లింటికి పోలేదు. నేరుగా బస్సు దగ్గరికి నడిచాను.

ఆ మరుసటి ఏడు వానల్లో బడిలో ఒక పిల్ల పోయింది. పడవ కాదు, వరద కాదు. బట్టలుతుక్కునే మెట్ల మీద పాచికి జారింది. ఏడో క్లాసు పిల్ల. మెట్ల నుంచి నాలుగు బారల దూరంలో మునిగింది. గట్టు మీద ముప్పైమంది పిల్లలున్నారు. ఒక్కరికీ ఈత రాదు. నా దగ్గర నేర్చుకున్న పెద్దపిల్లలు ఇంకా బడిలోనే ఉన్నారు గాని, ఆ సమయానికి క్లాసులో ఉన్నారు. ఉండి ఉంటే ఏం చేసేవాళ్లో నేను ఆలోచించదలచుకోలేదు. మళ్లీ దిగొద్దని వాళ్లకు చెప్పింది నేనే.

పది రోజుల తర్వాత హెడ్మిస్ట్రెస్ గారు ముత్తుకూరు వచ్చారు. నా గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. బాగా నలిగిపోయి ఉన్నారు.

"మీరు మళ్లీ రావాలి. వారానికి రెండు రోజులు చాలు. తల్లిదండ్రులే అడుగుతున్నారు."

తల్లిదండ్రులు అడగడం అంతకుముందు ఎన్నడూ లేదు. ముప్పై ఏళ్లు ఆ మాట కోసం ఊరూరా తిరిగాను.

"నా చెవులు బాగాలేవమ్మా. డాక్టరు నీళ్లలో దిగొద్దన్నాడు," అన్నాను.

"గట్టు మీద నిలబడి చెప్పండి. దిగొద్దు."

"గట్టు మీదినుంచి ఈత నేర్పలేమమ్మా."

ఆమె నన్ను చూశారు. చెవులు సాకు అని ఆమెకు తెలుసు. తనెందుకు గట్టిగా అడగలేకపోతున్నారో నాకు తెలుసు. నా పిల్ల తల్లితో అప్పుడు ఏం చెప్పారని ఆ రోజైనా అడిగి ఉండొచ్చు. అడగలేదు. కాఫీ పెట్టి ఇచ్చాను. తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, బస్సుకు టైమయిందని లేచారు. గుమ్మం దాకా పోయి ఆగారు.

"ప్రార్థన చేసుకోండి. మనసు మారితే ఉత్తరం రాయండి."

"అట్నే అమ్మా," అన్నాను.

నేను ప్రార్థన చేయలేదు. ఉత్తరమూ రాయలేదు. ఆ బడిలో ఈత మళ్లీ మొదలు కాలేదు. ఎండాకాలంలో మెట్లకు అడ్డంగా ముళ్లకంప వేశారని, పిల్లలు ఇప్పుడు బావి దగ్గర ఉతుక్కుంటున్నారని ఆదివారం చర్చిలో ఎవరో చెప్పగా విన్నాను.